"పిరికి రక్తం" అనే మాట ఇక చాలు

మొన్న ఆదివారం అన్నయ్య వాళ్లింటికి వెళ్తే మా మేనల్లుడు ఒక ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఇరవై నాలుగు పేజీలు, రంగురంగుల బొమ్మలు. స్కూలుకి ఎవరో వచ్చి పిల్లల ఉమ్మి శాంపిల్ తీసుకుని, తల్లిదండ్రుల చేత పన్నెండు వేలు కట్టించుకుని ఇచ్చిన డీఎన్‌ఏ రిపోర్టు. పదకొండో పేజీలో మీటరు బొమ్మ ఒకటి, ముల్లు ఎరుపు దగ్గర ఆగి ఉంది. కింద ఇలా రాసి ఉంది: "రిస్క్ తీసుకునే గుణం: తక్కువ. నిర్ణయాలపై భయం ప్రభావం: ఎక్కువ. స్థిరమైన ఉద్యోగాలు అనుకూలం."

"నా జీన్స్‌లోనే లేదట అత్తా" అన్నాడు.

వాడికి పదిహేనేళ్లు. రోబోటిక్స్ పోటీకి పేరిచ్చి, ఈ రిపోర్టు వచ్చాక వెనక్కి తీసుకున్నాడని వదిన చెప్పింది. ఆ రోజు నుంచి నా కోపం తగ్గడం లేదు. అందుకే ఇంత పెద్ద పోస్ట్.

మా ఇంట్లో ఈ మాట కొత్తది కాదు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో తాతయ్యకి ఆరెకరాలు ఉండేవి. ఊరంతా పత్తి వేస్తుంటే ఆయన రెండెకరాలు దాటనిచ్చేవాడు కాదు, మిగతాది మినుము, కంది. "పిరికోడు" అన్నారు అందరూ. ఆయన అలా ఎందుకున్నాడో మా నానమ్మకి తెలుసు. చిన్నప్పుడు అప్పుల వాళ్లు ఇంటి ముందు కూర్చుంటే వాళ్ల నాన్న పెరటి దారిన వెళ్లిపోవడం కళ్లారా చూసినవాడు ఆయన. 1987లో పత్తి మీద తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఎలా మునిగిపోయారో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఏడు మా ఇల్లు నిలబడింది. పేరు మాత్రం పోలేదు. ఇంట్లో ఎవరు వెనకడుగు వేసినా ఇప్పటికీ "తాత పోలిక" అంటారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది రాయడానికి అన్నయ్య ఒప్పుకున్నాడు.

రెండేళ్ల కిందట నాన్నకి గుండెలో మూడు బ్లాకులని తేలింది. బైపాస్ చేయాలన్నారు. మొదటి ఆసుపత్రిలో డాక్టరుగారు తల ఎత్తకుండానే చెప్పారు: "వందలో ముగ్గురు చనిపోయే అవకాశం ఉంటుంది. ఆలోచించుకుని సంతకం పెట్టండి." అన్నయ్య చేతిలో పెన్ను ఉంది. క్యాప్ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి కాగితం అక్కడే వదిలేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. రెండు నెలలు అలాగే గడిచాయి. నాన్న బాత్రూమ్ దాకా నడిచినా ఆయాసపడే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ "వందలో తొంభై ఏడుగురు క్షేమంగా ఇంటికెళ్తారండీ" అన్నారు. అన్నయ్య నిలబడే సంతకం పెట్టేశాడు.

రెండు చోట్లా ఒకటే లెక్క. ఆ రెండు నెలల గురించి బాబాయి మాత్రం ఆసుపత్రి వరండాలో అందరూ వింటుండగా "వీడిది అచ్చం మా నాన్న రక్తం" అన్నాడు. అన్నయ్య తల వంచుకున్నాడు. తండ్రిని తనే చంపుకోబోయానని ఈ రోజుకీ అనుకుంటాడు. నాన్న రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తున్నా సరే.

అన్నయ్యకి జరిగింది ఎవరికైనా జరుగుతుంది. 1982లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్స మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషనా, రేడియేషనా అన్నది ప్రశ్న. ఎంతమంది బతుకుతారో చెబితే ఆపరేషన్ వైపు మొగ్గినవాళ్లు, ఎంతమంది పోతారో చెప్పేసరికి తగ్గిపోయారు. రెండూ ఒకే అంకెలని గుర్తుంచుకోండి. అలా మొగ్గినవాళ్లలో రోగులే కాదు, డాక్టర్లూ ఉన్నారు. రోజూ ఆ లెక్కల మధ్యే బతికేవాళ్లకే తప్పనిది, తండ్రి ప్రాణం కోసం పెన్ను పట్టుకున్న కొడుక్కి తప్పుతుందా?

మరి జీన్స్ సంగతి? పుట్టుకకి ఏ పాత్రా లేదని నేను అనడం లేదు. 2006లో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. చేతికి 50 పౌండ్లు వస్తాయని చెప్పి, "అందులో 20 ఉంచుకుంటావా, లేక పందెం కాస్తావా" అని ఒకసారి, "30 పోగొట్టుకుంటావా, లేక పందెం కాస్తావా" అని ఇంకోసారి అడిగారు. రెంటికీ తేడా లేదు. అయినా "ఉంచుకోవడం" అన్నప్పుడు వందకి సుమారు 43 సార్లు పందెం కాసినవాళ్లు, "పోగొట్టుకోవడం" అనగానే సుమారు 62 సార్లు కాశారు. మాట మొగ్గించినట్టు మనిషి మొగ్గినప్పుడల్లా మెదడులో అమిగ్డాలా అనే భాగం చురుగ్గా కనిపించింది. భయం, కంగారు లాంటివాటితో దానికి సంబంధం ఉంది. 2009లో అక్కడివాళ్లే మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జీన్‌ని చూశారు. ఆ జీన్‌లో పొట్టి రకం అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ వచ్చినవాళ్లు పొడవు రకం వాళ్ల కన్నా మాటతీరుకి ఎక్కువగా లొంగారని రాశారు.

ఇలాంటి రిపోర్టులు అమ్మేవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు. కానీ అది కొద్దిమంది మీద చేసిన పరీక్ష. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. 2019లో పది లక్షలకి పైగా మనుషుల డీఎన్‌ఏ చూసి, రిస్క్ తీసుకునే గుణంతో ముడిపడిన చోట్లు 99 కనిపెట్టారు. ఒక్కో చోటు ప్రభావం ఆవగింజంత. జన్యువులన్నీ కలిపి కట్టిన స్కోరు కూడా మనుషుల మధ్య తేడాల్లో రెండు శాతం కూడా చెప్పలేకపోయింది. పాత అధ్యయనాలు గట్టిగా నమ్మిన సెరటోనిన్, అలాంటిదే ఇంకో మెదడు రసాయనమైన డోపమిన్ జీన్స్‌కి ఏ ప్రత్యేకతా కనిపించలేదు. పైగా ఆ మనుషులంతా యూరప్ మూలాలున్నవాళ్లు. వాళ్ల మీద కట్టిన లెక్కని పల్నాటి పిల్లాడి ఉమ్మికి అంటగట్టి, మీటరు బొమ్మ గీసి, పన్నెండు వేలు తీసుకున్నారు. దీన్ని మోసం అనకపోతే ఏమనాలి?

"స్వీడన్ కవలల మీద చేసిన అధ్యయనాల్లో వంశపారంపర్యం ఎక్కువే వచ్చింది కదా" అని చదువుకున్న ఫ్రెండ్ ఒకరు అన్నారు. నిజమే. రిస్క్ విషయంలో సుమారు 20 శాతం అని ఒక అధ్యయనం, పెట్టుబడుల్లో చేసే పొరపాట్ల విషయంలో 45 శాతం దాకా అని ఇంకొకటి చెప్పాయి. కానీ 20 శాతం అంటే మా మేనల్లుడి భయంలో ఐదో వంతు తాతయ్యదని కాదు. ఆ గుంపులో, ఆ దేశంలో, మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో అంత వాటా పుట్టుకతో ముడిపడి ఉందని. ఒక్క పిల్లాణ్ని ఎదురుగా కూర్చోబెట్టి ఆ అంకెతో వాడి గురించి ఏమీ చెప్పలేం.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనే సామెత మనకి ఎప్పటి నుంచో ఉంది. దానికి ఇప్పుడు ల్యాబ్ కోటు తొడిగి స్కూళ్లలో అమ్ముతున్నారు. సామెతని పిల్లాడు పట్టించుకోకపోవచ్చు. లోగో ఉన్న రిపోర్టుని మాత్రం నమ్ముతాడు, మీటరు ముల్లు చూపించారు కాబట్టి.

డాక్టర్లకి ఒక విన్నపం. రెండు లెక్కలూ కలిపి చెప్పండి: "వందలో తొంభై ఏడుగురు బాగుంటారు, ముగ్గురికి ప్రమాదం." ఒక్క వాక్యమే. ఆ మొదటి ఆసుపత్రిలో అలా చెప్పి ఉంటే మా అన్నయ్యకి రెండు నెలల నరకం తప్పేది.

మా మేనల్లుడికి ఆ 50 పౌండ్ల ప్రశ్న రూపాయల్లోకి మార్చి చెప్పాను. వాడు వెంటనే పట్టేశాడు. కాగితం మీద రెండు రకాలుగా రాసుకుని మధ్యాహ్నమంతా ఇంట్లో అందర్నీ అడుగుతూ తిరిగాడు. వదిన ఒకసారి అటు, ఒకసారి ఇటు చెప్పింది. ధైర్యవంతుడని పేరున్న బాబాయికి ఫోన్ చేసి అడిగాడు. ఆయనా రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడు. వాడు ఫోన్ పెట్టేసి వాళ్ల నాన్న వైపు చూశాడు. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ ఫైలు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాడు.

సోమవారం స్కూలుకి వెళ్లి ఆ డబ్బులు వెనక్కి అడుగుతాడట. నేనూ వెళ్తున్నాను.