ఫ్లెక్సీలో అయ్యగారు

మా గుడికి కొత్త పాస్టరయ్య వస్తున్నారని తెలిసిన రోజే కమిటీ కూర్చుని మొట్టమొదట తేల్చింది ఫ్లెక్సీ సంగతి. పుట్టినరోజుకూ ఫ్లెక్సీ, పోయినరోజుకూ ఫ్లెక్సీ వేసే కడపలో దైవజనుడికి వేయకపోతే పక్క గుడివాళ్ల ముందు తలెత్తుకోగలమా?

ఐదొందలు చందా ఇచ్చిన ప్రతివాడూ తన ఫొటో ఉండాల్సిందేనన్నాడు. నల్ల కళ్లద్దాలవాళ్లు, సెల్‌ఫోను చెవిన పెట్టుకున్నవాళ్లు అంతా సర్దుకునేసరికి, అయ్యగారికి పై మూలన అరచెయ్యంత జాగా మిగిలింది. అందులో పెట్టిన ఫొటో ఆయన పాస్టరుగా అభిషేకం పొందిన నాటిది. వాట్సాప్‌లో అదొక్కటే దొరికింది మరి. ఒత్తయిన క్రాపు, కోరమీసం.

సెక్రటరీ సారు రిటైరయిన బడి అయ్యవారు. స్వాగతోపన్యాసం నాలుగు ఠావులు రాసుకొచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అదే మా గుడి చేరిన సీఎస్ఐ, పుట్టిన కాడినుంచి ఎత్తుకున్నారు.

"మనం లండన్ మిషనోళ్లం, ఆంగ్లికన్లు వేరే, మెథడిస్టులు వేరే. అందరూ ఎట్ల కలిసినారో చెప్పొద్దా?"

"అయ్యగారు చదువుకొని వచ్చింది అదే కదా సార్" అని ఎవరో గొణిగారు. అయ్యగారి పేరు మూడో ఠావులో వస్తుంది.

మే నెల. ఎండకు భయపడి ఎనిమిదికే ముందుగేటు దగ్గర తప్పెట్లు, దండలు, సండేస్కూలు పిల్లలు సిద్ధం. ప్రొద్దుటూరు తట్టునుంచి తెల్ల కారులో వస్తారని ఎవరు చెప్పారో తెలీదు గానీ, అందరికీ తెలుసు. ఒక పిల్లోణ్ణి ఏడురోడ్ల కాడ నిలబెడితే, వాడు కనబడిన ప్రతి తెల్ల కారుకూ ఫోను చేశాడు. ఫోను రాగానే ఇక్కడ గంట, తప్పెట్లు. మొదటిది పెళ్లివాళ్ల కారు. వాళ్లు తమకే అనుకొని చెయ్యి ఊపి పోయారు.

ఇంతలో ఒక ఐచర్ వ్యాను వచ్చి సరిగ్గా ఫ్లెక్సీ కిందే ఆగింది. వెనకాల మంచాలు, బీరువా, పైన ఒక కోళ్లగంప. ముందర డ్రైవరు పక్కన ఒళ్లో మిక్సీ పెట్టుకొని ఒకమ్మ, ఆమె పక్కన మెడలో తువ్వాలు వేసుకున్న బట్టతలాయన.

సెక్రటరీ సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఏమప్పా, పాస్టరయ్య వచ్చే టైముకు ఈడ పెట్టినావే! సామాన్లన్నీ వెనకగేటు తట్టుకు తీసకపో!"

బట్టతలాయన ఏదో చెప్పబోయి, తప్పెట్ల మోతలో వినబడదని కాబోలు, దండం పెట్టి ఊరుకున్నాడు. ఇంత వినయమున్న హమాలీని నేనెక్కడా చూడలేదు.

వెనక వంటల కాడ ఆడవాళ్లకు ఫ్లెక్సీ చూసే తీరిక లేదు కాబట్టి బతికిపోయారు. "ఎవరన్నా మీరు?" అని అడిగారు, ఆయన చెప్పాడు. అంతే. ముందుగేటులో దండలన్నీ వేయించుకొనే వచ్చుంటాడనుకొని కాళ్లకు నీళ్లిచ్చారు, కారం దోశలు పెట్టారు, వేపచెట్టు కింద మంచం వేశారు. ఆయన ఓ కునుకు తీశాడు కూడా.

ముందర మేము మాత్రం పన్నెండు దాకా మాడినాం. నీళ్లకని వెనక్కి పోయిన ఒక పిల్లోడు పరిగెత్తుకొచ్చి, "అయ్యగారు పిలుస్తాండారు, సంగటి చల్లారిపోతాందంట" అన్నాడు.

"ఏ అయ్యగారు రా?"

"ఉండేది ఒకరే కదా!"

సెక్రటరీ సారు పోయి అయ్యగారి చేతులు పట్టుకున్నారు. "మీరు ఎండలో ఉండారని నాకు తెలీదే సార్, తెలిసింటే నేనే వచ్చి పిలుచుకొనిపోయేవాణ్ణి" అని అయ్యగారే నొచ్చుకున్నారు. సారు ఇంకేం చేయాలో తోచక ఠావులు బయటికి తీశారు. 1947 నుంచే.

భోజన ప్రార్థన అయింది. వేడివేడి రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డించారు. అందరూ సంగటి తుంచుకుంటుండగా అమ్మగారు గంప మూత తీసి చూసి, "మూడు పెట్టలు ఉండాల, ఒకటే ఉందే?" అన్నారు.

వంటామె గరిటె కింద పెట్టింది. "రెండు తక్కువ పడినాయి, పంపించు సార్ అని సెక్రటరీ సార్‌కు చెప్పింటి. వ్యానులో పంపినాడేమో అనుకుంటిమి తల్లీ!"

సెక్రటరీ సారు ఠావుల్లోకి చూస్తున్నారు. అయ్యగారు విస్తరాకులో ముక్కను అటూ ఇటూ తిప్పి, "ప్రార్థన అయిపోయింది, ఇంకేం చేస్తాం" అని ముద్ద పులుసులో ముంచారు.