డార్మ్‌లో నిద్ర పట్టలేదని కంప్లైంటా? స్వామికే పట్టదు!

తిరుపతి డార్మిటరీ హాస్టళ్ల మీద జనం రాస్తా ఉండే రివ్యూలు చదివితే కడుపు తరుక్కుపోతా ఉండాదప్పా. "గురక ఎక్కువ, ఒక స్టార్." "దిండు పల్చగా ఉంది, రెండు స్టార్లు." "లొకేషన్ సూపర్, కానీ నిద్ర లేదు." నిద్రంట! రైల్వేస్టేషన్‌కి నడిచిపోయే దూరంలో, కొండ కనపడే కిటికీ పెట్టి, ఐదారొందలకి ఏసీలో బెడ్డు ఇచ్చినాక దాని మీద నిద్ర కూడా వాళ్లే సప్లై చేయాలంట. నిద్రే కావాలంటే ఇంట్లో పడుకోకుండా తిరుపతి దాకా ఎందుకు వచ్చినట్టు?

దీన్ని హాస్టల్ సమస్య అనుకోవడమే తప్పు. స్థలపురాణం తెలియకపోవడం వల్ల వచ్చిన సమస్య ఇది. అందుకే ఈ విషయం కొంచెం సీరియస్‌గానే మాట్లాడాల.

బెడ్డు ఇరుకు, కర్టెన్ లాగితే గాలాడదు అంటారు. శ్రీనివాసుడు కొండకి వచ్చి మొట్టమొదట యాడ దిగినాడు? పుట్టలో. రీడింగ్ లైటు లేదు, చార్జింగ్ పాయింట్ లేదు. ఆవు వచ్చి పాలు పోసి పోతా ఉంటే అదే ఫ్రీ బ్రేక్‌ఫాస్టు, అది కూడా పశులకాపరి గొడ్డలి ఇసిరి స్వామి తల పగలగొట్టేదాకానే. ఆ తర్వాత వరాహస్వామిని వంద అడుగుల చోటు అడుక్కున్నాడు, చేతిలో దుడ్లు లేక మొదటి దర్శనం, మొదటి నైవేద్యం నీకేనని మాటిచ్చినాడు, కొండకి పోయినోళ్లు ముందు పుష్కరిణి పక్కన వరాహస్వామిని చూసుకోవాలని పెద్దోళ్లు చెప్పేది అందుకే. అంటే ఈ ఊర్లో దేవుడే షేరింగ్‌లో ఉండాడు. నువ్వేమో పైబెడ్డు ఇచ్చినారని రిసెప్షన్‌లో బల్ల గుద్దతా ఉండావు.

ఇంక దిండు. స్టేషన్ కాడ నుంచి నాలుగడుగులు వేస్తే గోవిందరాజస్వామి గుడి. స్వామి పడుకోనుంటాడు, తల కింద చూడండి ఏముంటాదో. కుంచం! తమ్ముడి పెళ్లికి కుబేరుడి కాడ చేసిన అప్పు తీర్చడానికి దుడ్లు కొలిచి కొలిచి అలిసిపోయి ఆ కుంచాన్నే తలగడగా పెట్టుకున్నాడంటారు. ఎన్ని వందల ఏండ్లుగా అదే దిండు, ఒక్క స్టార్ కూడా తగ్గియ్యలేదు ఆయన.

గురక గురించి అడిగితే ఉత్తరాది నుంచి వచ్చిన భక్తుడు హథీరాం బావాజీ కథ చెప్తాను. స్వామితో పాచికలాడినాడని, నగ కాజేసినాడని అనుమానం వచ్చి ఆయన్ని ఒక గదిలో వేసి బండెడు చెరుకుగడలు పెట్టి తెల్లారేలోగా తినాలని తాళం బిగించినారు. ఆయన నిమ్మళంగా నిద్రపోయినాడు, రాత్రికి ఏనుగొచ్చి చెరుకంతా నమిలేసి ఘీంకరించి పోయింది. ఒకే గదిలో ఏనుగు, అది కూడా చెరుకు నములుతా ఉండే ఏనుగు! దానికే నిద్ర చెడలేదు ఆ మహానుభావుడికి. రూమ్మేట్‌ని భరిస్తే ఏమొస్తాది అంటారేమో, ఆయన పేరు మీద వెలిసిన మఠం చేతిలో 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి పెత్తనం నడిచింది. పక్కబెడ్డులో విల్లుపురం పెద్దాయన గురక పెట్టినాడని అర్ధరాత్రి మేనేజర్‌కి ఫోన్ చేసేవాళ్లకి ఏ పెత్తనం వస్తాదో మీరే ఆలోచించుకోండి.

అసలు విషయానికొస్తే, కొండ మీద స్వామిని పడుకోబెట్టే ఏకాంతసేవ అయ్యేసరికి మామూలు రోజుల్లోనే అర్ధరాత్రి దాటిపోతాది, తెల్లారుజామున మూడుకల్లా సుప్రభాతం. మధ్యలో ఎంతసేపు మిగులుతాదో వేళ్ల మీద లెక్క పెట్టుకోవచ్చు, ధనుర్మాసంలో సుప్రభాతం ఆపేస్తారులే, హాయిగా పడుకోవచ్చు అనుకుంటే ఆ టైముకి తిరుప్పావై చదివి మరీ లేపుతారు. ఇంత తక్కువ నిద్రతో ఇంత మందికి దర్శనం ఇస్తా ఉండే స్వామి ఊర్లోకొచ్చి ఎనిమిది గంటల నిద్ర నా హక్కు అనడం నాకైతే అపచారంగా కనిపిస్తా ఉండాది.

హాస్టల్ వాళ్లు మాత్రం సంప్రదాయం తప్పలేదు. పన్నెండు మంది పడుకున్న రూములో సుప్రభాతం ఒక్కసారి మోగితే లాభం లేదని అలారాలుగా పంచి పెట్టినారు. ఒంటి గంటకి ఒకటి మోగతాది, అది ఎస్‌ఎస్‌డి (టైము రాసిచ్చే ఉచిత దర్శనం) టోకెన్ల కోసం టీటీడీ సత్రం శ్రీనివాసం కాడ లైన్లో నిలబడాలనుకునే నెల్లూరు కుర్రోళ్లది. రెండుకి ఇంకోటి, ఆ సామి అలిపిరి నుంచి 3550 మెట్లు చల్లపూట ఎక్కేస్తానని రాత్రి రూమంతా చాటింపు వేసినాడు. మూడుకి చెన్నై పోయే రైలాయనది. నాలుగుకి దేనికో ఎవరికీ తెలియదు, పెట్టినోడికి కూడా తెలియదు. ఇందులో గొప్ప ఏందంటే అలారం పెట్టుకున్నోడు తప్ప మిగతా పదకొండు మందీ లేస్తారు. ఆయన మాత్రం చెయ్యి చాపి స్నూజ్ నొక్కి అటు తిరిగి పడుకుంటాడు, పది నిమిషాలకి మళ్లీ అదే పాట. చివరికి పైబెడ్డు నుంచి ఎవరో విసుగొచ్చి "గోవిందా!" అంటారు, చీకట్లో నాలుగు మూలల నుంచి "గోవింద!" అని బదులొస్తాది. కోపంతో అన్నా భక్తితో అన్నా నామం నామమే కదా, పుణ్యం యాడికి పోతాది.

అలారం తర్వాత క్యారీబ్యాగుల కచేరీ. లైటేస్తే అందరికీ ఇబ్బందని పెద్దమనసుతో లైటెయ్యకుండా, ఫోన్ టార్చి పక్కోడి మొహాన కొడతా, ఒక్కో కవరూ గరగరమని విప్పి ఆధార్ కార్డు ఎతుకుతారు. జిప్పు తీస్తారు, వేస్తారు, మళ్లీ తీస్తారు. చివరికి కార్డు జేబులోనే ఉంటాది. కొండమీద ప్లాస్టిక్ నిషేధించినట్టే డార్మ్‌లో రాత్రి పది తర్వాత క్యారీబ్యాగులు నిషేధించాలని కొందరు తీవ్రవాదులు అడగతా ఉండారు. నేను ఒప్పుకోను. ఆ శబ్దం లేకపోతే ఆ నెల్లూరు పిల్లోళ్లకి టోకెన్ ఎట్ల దొరకతాది?

ఒక్క చోట మాత్రం నిజంగానే చిక్కుండాది, అది గుండు. రాత్రి చార్జర్ అప్పు తీసుకున్న మనిషికి ఒత్తుగా జుట్టు, మీసం, కొంచెం మహేష్‌బాబు కటింగ్. మరుసటి రోజు సాయంత్రం రూములో ఐదు గుండ్లు, ఐదింటికీ గంధం, ఐదుగురూ పంచెల్లోనే. ఎవుర్ని అడగాల? "అనా, నా చార్జరు..." అని ఒక్కొక్క గుండు కాడికీ పోతే నలుగురు కొత్తోళ్లు, ఐదో ఆయన నిద్రలో ఉండాడు, లేపితే పాపం. అందుకే చెక్-ఇన్‌లో ఆధార్ జిరాక్స్‌తో పాటు గుండు గీయించుకున్నాక ఇంకో ఫోటో తీసి పెట్టుకోవాలని హాస్టల్ యాజమాన్యాలకి నా మనవి. దిండు కవర్ మీద పసుపుపచ్చ మరక కనపడగానే మురికి అని ఫోటో తీసి పెడతా ఉండారు కొందరు, అది గంధం సామీ, ప్రసాదం కింద లెక్క.

పైబెడ్డు కమ్మీకి ఆరేసిన తడిపంచె నుంచి కిందబెడ్డు మీద చుక్కలు పడటాన్ని కూడా నేను తీర్థంగానే భావిస్తా ఉండా. బెడ్డు కింద లడ్డూ కవర్ చుట్టూ చీమలు బారులు కట్టడం గురించి ఏం చెప్పేది, 2009లోనే ఈ ఊరిదేనని జీఐ ట్యాగ్ వచ్చిన లడ్డూ అది, మనుషులే గంటలు గంటలు క్యూ కడతా ఉంటే చీమలు కట్టవా. మెట్లెక్కి వచ్చినోళ్లు పిక్కలకి రుద్దుకునే అమృతాంజనం వాసన మాత్రం, నిజం చెప్పాలంటే, ముక్కు దిబ్బడకి మంచిది.

కామన్ రూమ్ సంగతి చెప్పకపోతే అన్యాయం. గోడకి పర్వతాలు, బ్యాక్‌ప్యాక్ వేసుకున్న అమ్మాయి బొమ్మ, "ప్రపంచమే నీ ఇల్లు" అని రంగుల్లో రాత. మూలన ఒక గిటారు ఉంటాది. దాన్ని ఎవరో వాయిస్తారని, దేశదేశాల యాత్రికులు చుట్టూ చేరి కథలు చెప్పుకుంటారని పెట్టినట్టుండారు. మనోళ్లు దాని మెడకి తుండు ఆరేసినారు. చుట్టూ చేరిన మాట నిజమే, సెల్లార్‌లో పెట్టిన చెప్పులు ఎవరివి ఎవరు వేసుకుపోయినారని పంచాయితీ. మా అవ్వోళ్లు సత్రంలో చాప మీద ఇదే పంచాయితీ పెట్టుకునేవాళ్లు, కాకపోతే దుడ్లు కట్టకుండా.

ఇన్ని మాట్లాడే ఈ జనమే కొండపైన క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ తలుపేసి కూర్చోబెడితే ఒక్క మాట అనరు. ముందోడి మోచెయ్యి, వెనకోడి బ్యాగు, పక్కన ఏడ్చే పసిబిడ్డ, ఉప్మా వస్తే గోవింద, పాలొస్తే గోవింద. అదే మనుషులు కింద డార్మ్‌లో పదకొండు మందితో ఒక రాత్రి పడుకోలేరంట. నన్నడిగితే డార్మ్ బిల్లు చూపించినోళ్లని ఒక కంపార్ట్‌మెంట్ ముందుకి పంపాల, ఆ ట్రైనింగ్ ఆల్రెడీ అయిపోయింది కాబట్టి.

ఇంత పుణ్యంలో చుట్టుపక్కలోళ్లకి భాగం లేకుండా చేయడం మాత్రం నాకు నచ్చలేదు. లోకల్ ఐడీకి బెడ్డు ఇయ్యరంట, చాలా హాస్టళ్లలో ఇదే రూలు. తెల్లారి టోకెన్ లైన్‌కి పోదామని ఒక హాస్టల్‌లో అడిగితే కౌంటర్ కాడ పిల్లోడు నా ఆధార్ తిప్పి తిప్పి చూసినాడు.

"చిత్తూరా? లోకల్‌కి ఇయ్యం సామీ."

"లోకల్ ఎట్లయితాది నాయనా, 2022లో జిల్లా వేరు చేసేసినారు కదా. మీది తిరుపతి జిల్లా, మాది చిత్తూరు జిల్లా."

కాసేపు సీలింగ్ వైపు చూసినాడు, లోపలికి పోయి ఓనర్‌ని అడిగొచ్చినాడు.

"సరే సామీ, బయటి జిల్లా అంటే ఇస్తాం. పైబెడ్డు. బయటోళ్ల రేటు వంద ఎక్కువ."