మందుకు లొంగని టీకాకు అనుమతి ఎలా ఇచ్చారు?

పశువుల నుంచి మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు ఆవులకు రాకుండా వేసే ఆర్‌బీ51 టీకాలో బ్యాక్టీరియా బలహీనమైనదే, కానీ బతికే ఉంటుంది. అది యాంటీబయాటిక్ అయిన రిఫాంపిసిన్‌కు లొంగదు. గొర్రెలకు, మేకలకు వేసే రెవ్1 టీకా మరో యాంటీబయాటిక్ అయిన స్ట్రెప్టోమైసిన్‌కు లొంగదు. అదే జబ్బు మనుషులకు వస్తే డాక్సీసైక్లిన్‌కు తోడుగా వైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందుల్లో ఈ రెండూ ఉన్నాయి. ఇంతకన్నా వింత ఉంటుందా?

2017లో అమెరికాలోని టెక్సాస్‌లో పచ్చిపాలు తాగిన వ్యక్తికి ఆర్‌బీ51 సోకింది. మామూలు రక్తపరీక్షకు ఇది చిక్కదు. టీకా వేసిన ఆవును రోగిష్టి ఆవుగా పొరబడకూడదని, పరీక్షకు దొరకని రకాన్నే కోరి ఎంచుకున్నారు మరి. పశువైద్యుడికి అది సౌకర్యమే. జ్వరంతో మంచం పట్టినవాడికి మాత్రం పరీక్షలో జబ్బు కనిపించదు, వాడే మందుల్లో రిఫాంపిసిన్ పనిచేయదు.

ఈ టీకాల వల్ల చూడి పశువులు ఈసుకుపోవడం (గర్భస్రావం) తగ్గిందని, మనుషులకూ ముప్పు తగ్గిందని సమర్థకులు అంటారు. కాదనం. సజీవ టీకాలు వద్దనీ అనం. 1921 నుంచి పసిపిల్లలకు ఇస్తున్న బీసీజీ కూడా బతికున్న బ్యాక్టీరియానే. మా అభ్యంతరమల్లా ఒక్కటే: చికిత్సకు వాడే మందును తట్టుకునే రకాన్ని చేతులారా ఎందుకు వదలాలి?

దారి తెలియక చేశారా అంటే అదీ కాదు. మనుషుల కోసం 1980లలో రూపొందించిన సజీవ కలరా టీకాలో బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు కావలసి వచ్చింది. అందుకు యాంటీబయాటిక్‌ను కాకుండా పాదరసాన్ని తట్టుకునే జన్యువును చేర్చారు. ఆ తర్వాత, 1996లో, అమెరికా ఆర్‌బీ51కు అనుమతి ఇచ్చింది. మనుషుల టీకాకు పాటించిన జాగ్రత్త పశువుల టీకా దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? పశువులకేగా అన్న చులకన తప్ప మాకు మరో కారణం కనిపించడం లేదు.

పశువుల టీకా పశువుల దగ్గరే ఆగుతుందా? 2019లో చైనాలోని లాన్‌జౌలో పశువుల బ్రూసెల్లా టీకా ఫ్యాక్టరీ కాలం చెల్లిన క్రిమిసంహారకం వాడింది. బ్యాక్టీరియా గాలిలో కలిసి చుట్టుపక్కలకు పాకింది. 3,245 మందికి సోకినట్టు మరుసటి ఏడాది అధికారులే ఒప్పుకున్నారు. అక్కడి టీకా రకం వేరు. కానీ గాలికి, పాలకు, చేతిలో జారిన సూదికి ఆ తేడాతో పనిలేదు.

ఇకపై సజీవ టీకాకు దరఖాస్తు వస్తే అనుమతులిచ్చేవారు మొదట ఒకటి అడగాలి: పొరపాటున ఆ సూది గుచ్చుకున్న పశువైద్యుడికి ఏ మందు ఇస్తారు? తడుముకునే కంపెనీకి ఫైలు తిప్పి పంపాలి. అదీ చేతకానివారికి ఆ కుర్చీలెందుకు?