వీలునామా కోసం పెళ్లి పందిట్లో వెతకండి

కడప, అనంతపురం పల్లెల్లో పాత భూమి తగాదాలు తవ్వితే చాలాసార్లు అడుగున ఒక అవ్వ తేలుతుంది. "అవ్వ మాకే ఇస్తానన్నది" అని రెండు వైపులా అంటారు. అసలు ఆ అవ్వకు ఇచ్చే హక్కు ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

పాత హిందూ చట్టం కింద, అన్నదమ్ములతో కలిసి ఉండగానే భర్త పోతే, కొడుకుల్లేని ఆమెకు దక్కేది మనోవర్తి మాత్రమే. పొలం మరుదులది. వేరుపడ్డాక పోతే పొలం ఆమె చేతికొచ్చేది, అదీ బతికున్నన్నాళ్లే. ఆ పొలాన్ని వీలునామాలో ఎవరికి రాసినా చెల్లేది కాదు. ఆమె కన్నుమూయగానే అది భర్త వారసులకు పోయేది. 1861లో మచిలీపట్నం కలెక్టర్ కేసులో అప్పటి పైకోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కూడా ఇదే దారిలో నడిచింది: భర్త పరలోకానికి మేలు చేసే దానధర్మాలకైతే వితంతువుకు చెయ్యి కాస్త ఆడుతుంది, లోకవ్యవహారాలకు అంత ఆడదు. గుడికి ఇవ్వొచ్చు, నచ్చిన మేనకోడలికి ఇవ్వకూడదు. ఆ కాలపు వితంతువుల పేరున దేవుడి మాన్యాలు కనిపిస్తే అదంతా భక్తే అనుకోవడం నాకు నచ్చదు.

మరి కూతురికి? అక్కడే ఒక సందు ఉంది. కూతురి పెళ్లి చేయడం ధర్మకార్యం కాబట్టి, ఆ సమయంలో పసుపు కుంకుమ కింద కొద్దిపాటి చేను ఇస్తే కోర్టులు ఒప్పుకునేవి. చావు కాగితంలో చెల్లనిది పెళ్లి పందిట్లో చెల్లింది.

ఇక కడియాలు, కాసులపేరు, ఇత్తడి బిందెలు. అవి స్త్రీధనమైతే, అంటే ఆమె సొంత సొత్తయితే, ఆమె ఇష్టం. ఏమీ చెప్పకుండా పోతే ముందు పెళ్లికాని కూతురికి. 1927 దాకా ఈ జిల్లాల్లో హిందువుల వీలునామాకు కాగితం అక్కర్లేదు, నోటిమాట చాలు. బిందెలేగా అనుకోవద్దు. 1876 నాటి ధాత కరువు లాంటిది వస్తే ఎండిన చేనుకన్నా తాకట్టు పెట్టగలిగిన కడియమే కడుపు నింపేది.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో ఆ పరిమిత హక్కు పూర్తి హక్కయింది. మనోవర్తికిచ్చిన భూమి సంగతేమిటన్నది 1977 దాకా నానింది. భర్త సవతి సోదరుడు శేషారెడ్డితో తులశమ్మ అనే వితంతువు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. రాజీ కాగితంలో "బతికున్నంత వరకే" అని రాయించుకున్నా సరే, ఆస్తి ఆమెదే అన్నారు. తీర్పు రావడానికి పదిహేనేళ్లకు ముందే ఆమె అందులో కొంత అమ్మేసింది.