“మూడొందల డాలర్లకే ధైర్యం” అని తిరుగుతున్న మెసేజ్ గురించి

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు ఏది తెరిచినా తుపాకీ కొనుక్కోమనే ఈ మెసేజే. “టెక్సాస్‌లో పర్మిట్ అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్ చాలు, ఏ వీసా అయినా పర్లేదు. షాపువాడు ఇవ్వనంటే గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్‌తో కొనిపించుకోండి. మూడొందల డాలర్లలో పిస్టల్ వస్తుంది. ఆడవాళ్ళకి ఎంత చిన్నదైతే అంత మంచిది. హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకోండి. ఒక డబ్బా బుల్లెట్లు జీవితాంతం సరిపోతాయి. మనవాళ్ళందరికీ పంపండి.”

పంపేవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే మన కుర్రాడి మీద కాల్పులు జరిగాయని విన్న ప్రతిసారీ గుండె గుభేలుమంటుంది. అయితే మాత్రం, జైలుకి దారి చూపించే మెసేజ్‌ని చదవకుండానే పంపేస్తారా?

బుల్లెట్ల సంగతి ముందు తేల్చేద్దాం. డబ్బాలో ఉండేవి 50. కొత్త పిస్టల్ ఎక్కడా ఇరుక్కోకుండా పనిచేస్తుందని నమ్మాలంటేనే కనీసం రెండు వందలు కాల్చి చూడాలి, రోజూ పెట్టుకు తిరిగే హాలోపాయింట్లు (తగిలాక విచ్చుకునే బుల్లెట్లు) కూడా కొన్ని అందులో ఉండాలి. జీవితాంతం సంగతి దేవుడెరుగు, ఒక్క శనివారానికి కూడా ఆ డబ్బా చాలదు.

ధర విషయంలో మాత్రం ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. గ్లాక్ తప్ప ఇంకేదీ తుపాకీ కాదనే నా ఫ్రెండ్స్‌కి కోపం వచ్చినా సరే, మూడొందల లోపు టారస్ జీ3సీ లాంటిది కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఆ కంపెనీ పాత మోడళ్ళు కొన్ని కిందపడితే పేలుతున్నాయని దావా నడిచి 2015లో రాజీ అయిన మాట నిజమే, జీ3సీ ఆ జాబితాలోది కాదు. అంతకంటే ఖరీదైన సిగ్ పీ320కి కూడా కిందపడితే పేలే గొడవ వచ్చి, 2017లో కంపెనీయే భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ధర చూసి భద్రత అంచనా వెయ్యకండి. కాకపోతే మూడొందలు తుపాకీకే. హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే తొడుగు), బెల్టు, క్లాసు, బుల్లెట్లు అన్నీ కలిపితే ఇంకో అంత అవుతుంది, ఆ ముక్క మెసేజ్‌లో లేదు.

చిన్నదైతే ఆడవాళ్ళకి సుఖమనేది షూటింగ్ రేంజ్‌కి వెళ్ళని వాళ్ళ మాట. రూగర్ ఎల్‌సీపీ అనే బుల్లి పిస్టల్ ఖాళీగా పావు కిలో కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. జేబులో ఉన్నట్టే తెలియదు, నిజమే. కానీ బరువు తగ్గేకొద్దీ పిస్టల్ వెనక్కి తన్నడం ఎక్కువవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్ని పట్టుకున్నప్పుడు చూడండి: చిటికెన వేలికి పిడి అందదు, కింద గాలిలో వేలాడుతుంది. కాల్చినప్పుడల్లా పిస్టల్ చేతిలో తిరిగిపోతుంది, మళ్ళీ సర్దుకోవాలి. నాలుగుసార్లు కాల్చేసరికే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం కందిపోతుంది. ఆ తర్వాత ఇంక ప్రాక్టీసుకి రారు, పిస్టల్ మాత్రం బ్యాగులో ఉండిపోతుంది. పైగా అందులో వాడే .380 సైజు బుల్లెట్లు మామూలు 9 ఎంఎం సైజు వాటికంటే ఖరీదు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2018లో వచ్చిన సిగ్ పీ365, లేదా స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ చూడండి. చిన్నవే, కానీ 9 ఎంఎంలో పది బుల్లెట్లు పట్టే మ్యాగజైన్ వస్తుంది, పిడి చేతికి అందుతుంది. చేతుల్లో బలం తక్కువై స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగలేని వాళ్ళ కోసం అదే కంపెనీ షీల్డ్ ఈజీ ఉంది.

హ్యాండ్‌బ్యాగ్ సలహా ఇచ్చినవాళ్ళ ఇంట్లో చిన్నపిల్లలు లేరనుకుంటాను. 2014 డిసెంబరులో ఐడహోలోని హేడెన్‌లో ఓ వాల్‌మార్ట్‌లో రెండేళ్ళ బాబు తల్లి బ్యాగులోంచి పిస్టల్ తీశాడు, అది పేలి తల్లి చనిపోయింది. అది తుపాకీ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా చేసిన బ్యాగే. ఇక మామూలు బ్యాగులో తాళాలు, లిప్‌స్టిక్, పెన్ను మధ్య పడేస్తే వాటిలో ఏది ట్రిగ్గర్‌లో దూరుతుందో ఎవరు చూడొచ్చారు? ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉండాలి, అది ఒంటి మీదే ఉండాలి.

ఇప్పుడు అసలు విషం. “ఏ వీసా అయినా పర్లేదు.” ఎవరు చెప్పారండీ మీకు? హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ ఒక్క బుల్లెట్ గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. 2022 సవరణ తర్వాత దీనికి 15 ఏళ్ళ దాకా శిక్ష. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండా తుపాకీ వెంట పెట్టుకోవచ్చనేది నిజమే, కానీ అది చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే హక్కు అప్పటికే ఉన్నవాళ్ళకి. వీసా మీద ఉన్నవాళ్ళు టీమ్ ఔటింగ్ అని రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా నేరం కిందే లెక్క. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, కాదనను. ఆ లైసెన్సుకి గడువుంటుంది, టెక్సాస్‌లో ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చెయ్యడం మర్చిపోతే సెప్టెంబరు 1న ఇంట్లో ఉన్న ఆ తుపాకీయే నేరం.

ఫ్రెండ్‌తో కొనిపించుకోమనడం ఇంకా ఘోరం. షాపులో నింపే 4473 ఫారం మీద అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు. మీకోసం కొంటూ అవునని టిక్ పెడితే మీ ఫ్రెండ్ అబద్ధం రాసినట్టు. తీసుకునేవాడికి అర్హత ఉన్నా సరే అది నేరమేనని 2014లో సుప్రీం కోర్టు తేల్చింది, అర్హత లేనివాడికి కొనిస్తే మళ్ళీ 15 ఏళ్ళ లెక్క. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపించెయ్యొచ్చు. పదేళ్ళు ఎదురుచూసి కార్డు తెచ్చుకున్న మనిషిని ఫ్రెండ్ అని పిలుస్తూనే ఈ పని అడుగుతారా? దంపతుల్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు హెచ్1బీ అయితే, తుపాకీ పెట్టిన సేఫ్ తాళం ఇద్దరి దగ్గరా ఉండటం కూడా కేసు దాకా వెళ్ళగలదు. కొనకముందే లాయర్‌ని అడగండి.

అర్హత ఉన్నవాళ్ళు కూడా 40 డాలర్ల ఫీజు కట్టి, తుపాకీ వెంట పెట్టుకోవడానికి టెక్సాస్ ఇచ్చే లైసెన్స్ తీసుకోండి. బడికి 1000 అడుగుల లోపల లోడ్ చేసిన తుపాకీతో వెళ్ళడానికి ఫెడరల్ చట్టం మినహాయింపు ఇచ్చేది రాష్ట్రం లైసెన్స్ ఉన్నవాళ్ళకే, మన కాలనీల్లో బడి ముందు నుంచి వెళ్ళకుండా మెయిన్ రోడ్డెక్కడం కుదరదు. ఆ లైసెన్స్ న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో చెల్లదు, అక్కడి చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు తుపాకీ ఇంట్లోనే వదిలి వెళ్ళండి. రేంజ్‌కి వాడిన బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోకండి. ఓ మూల మిగిలిపోయిన ఒక్క బుల్లెట్ దొరికినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.