ఫాంటు ఎంచుకుంటే సగం పనైపోతుందా?
మంచి ఫాంటు దొరికితే అక్షరాల లోగో, అంటే బొమ్మ లేకుండా పేరుతోనే చేసే లోగో, సగం అయిపోయినట్టే అని మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మీరు అందులో చూపించిన కొరియర్ కంపెనీ ఫెడెక్స్ లోగోనే తీసుకోండి. 1994లో లిండన్ లీడర్ అనే డిజైనర్ చేసిన ఆ లోగోలో ఇంగ్లీషు ‘ఈ’కీ ‘ఎక్స్’కీ మధ్య దాగిన బాణం ఏ ఫాంటులోనూ రెడీగా లేదు. యూనివర్స్, ఫ్యూచురా అనే రెండు ఫాంట్ల లక్షణాలు కలిపి అక్షరాలు మళ్లీ గీస్తేనే కుదిరింది. మాది ఒడిశాలోని బరంపురం, ఇంట్లో అప్పడాల వ్యాపారం. ప్యాకెట్ మీద పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే డీటీపీ కుర్రాడు రెండిటికీ చెరో లావుపాటి ఫాంటు తగిలించాడు. ఫ్లెక్సీ మీద దివ్యంగా ఉంది. వంద గ్రాముల ప్యాకెట్‌కి కుదించేసరికి ‘ప్ప’లో వత్తు సిరాతో పూడుకుపోయి నల్ల చుక్కయింది, పక్కనున్న ఒడియా పేరేమో ఇంకెవరి సరుకో అన్నట్టుంది. చివరికి బోర్డులు రాసే పెద్దాయన చేత రెండు పేర్లూ ఒకే కుంచెతో రాయించాం. ఒడియా అక్షరాల నెత్తిన గొడుగులాంటి వంపు ఎంత మందమో మన తలకట్టూ అంతే మందం పెట్టి, వత్తును కాస్త కిందికి దించారు. (డబ్బులు కూడా కుర్రాడి కన్నా తక్కువే తీసుకున్నారు లెండి.) ప్యాకెట్ మీదున్న ఇంగ్లీషు పేరు మాత్రం ఇంకా వాటి పక్కన అతకలేదు.