మ్యాడిసన్‌ను దారికి తెచ్చిన ఎన్నిక

అమెరికా రాజ్యాంగం ఎవరు రాశారంటే ముందుగా వినిపించే పేరు జేమ్స్ మ్యాడిసన్. ఆ రాజ్యాంగం కింద జరిగిన మొట్టమొదటి కాంగ్రెస్ ఎన్నికల్లో అదే మ్యాడిసన్, తన సొంత రాష్ట్రం వర్జీనియాలో, తన ఇల్లు ఉన్న ప్రాంతంలోనే ఓడిపోతానేమోనన్న టెన్షన్‌తో గడ్డకట్టే చలిలో గుర్రం మీద ఊరూరూ తిరగాల్సి వచ్చింది. 1789 ఫిబ్రవరి 2న పోలింగ్ జరిగింది. ఆయనకు 1,308 ఓట్లు పడ్డాయి, ప్రత్యర్థి జేమ్స్ మన్రోకు 972. తేడా 336 ఓట్లు. ఇవాళ మన దగ్గర సర్పంచి ఎన్నికల్లో కనిపించే అంకెలివి. కానీ ఆ పోటీ అంత గట్టిగా జరగకపోయి ఉంటే అమెరికా పౌరుల హక్కుల పత్రం మనకు తెలిసిన రూపంలో, ఆ సమయంలో వచ్చేది కాదని మేం నమ్ముతున్నాం. నియోజకవర్గాల హద్దుల గురించి అమెరికాలోనూ ఇక్కడా ఇంత గొడవ నడుస్తున్నప్పుడు ఆ ఎన్నిక సంగతి వివరంగా చెప్పుకోవాలి.

1788 జూన్‌లో రిచ్‌మండ్‌లో, కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చడానికే కూడిన వర్జీనియా ప్రత్యేక సభ దాన్ని 89-79 తేడాతో ఆమోదించింది. అంటే ఆరుగురు మనసు మార్చుకుని ఉంటే కథ మారిపోయేది. అనుకూల పక్షాన్ని నడిపింది మ్యాడిసన్. వ్యతిరేకించిన వాళ్లలో పాట్రిక్ హెన్రీ, జార్జ్ మేసన్ ముఖ్యులు, మన్రో కూడా ఆ పక్షమే. పౌరుల హక్కులకు రాతపూర్వకంగా ఏ హామీ లేకుండా ఇంత అధికారాన్ని ఢిల్లీకి అప్పజెప్పినట్టు దూరంగా ఉన్న ప్రభుత్వం చేతిలో పెడితే రేపు మన గతేంటి అన్నది వాళ్ల ప్రధాన వాదన. ఆ భయం న్యాయమైనదే. హెన్రీ రిచ్‌మండ్ సభలో ఓడిపోయారు గానీ రాష్ట్ర శాసనసభ మాత్రం ఆయన గుప్పిట్లోనే ఉంది. అప్పట్లో సెనేటర్లను ఎన్నుకునేది ఆ శాసనసభే. ఆ నవంబరులో రెండు సెనేట్ సీట్లకు ఓటింగ్ పెడితే రిచర్డ్ హెన్రీ లీకి 98, విలియం గ్రేసన్‌కు 86, మ్యాడిసన్‌కు 77 వచ్చాయి. గెలిచిన ఇద్దరూ హెన్రీ మనుషులు. మ్యాడిసన్ మూడో స్థానంలో మిగిలిపోయారు.

ఇక మిగిలింది కాంగ్రెస్‌లో ప్రజలు నేరుగా ఎన్నుకునే ప్రతినిధుల సభ. అందులో మొత్తం 65 సీట్లుంటే వర్జీనియాకు 10 ఇచ్చారు, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఆ పది నియోజకవర్గాల హద్దులు గీసింది కూడా హెన్రీ ఆధిపత్యంలో ఉన్న ఆ శాసనసభే. మ్యాడిసన్ సొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరెంజ్‌ను కల్పెపర్, ఆల్బెమార్ల్, ఆమ్‌హర్స్ట్, ఫ్లువానా, గూచ్‌లాండ్, లూయీసా, స్పాట్‌సిల్వేనియాలతో కలిపి ఎనిమిది కౌంటీల ఐదో నియోజకవర్గం చేశారు. రిచ్‌మండ్ సభకు ఈ కౌంటీల్లో ఎక్కువ చోట్ల నుంచి వెళ్లింది రాజ్యాంగ వ్యతిరేకులే. పైగా పోటీ చేసే మనిషి ఆ నియోజకవర్గంలో ఏడాదిగా నివసిస్తూ ఉండాలని ఇంకో షరతు పెట్టారు, మ్యాడిసన్ వేరే చోటికి వెళ్లి సులువైన సీటు చూసుకునే దారి దాంతో మూసుకుపోయింది.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఐదో నియోజకవర్గం మ్యాప్ చూస్తే అందులో వంకరటింకర తోకలేం కనబడవు. ఒకదానినొకటి ఆనుకుని ఉన్న కౌంటీలే అవి, ఏ కౌంటీనీ మధ్యకు చీల్చలేదు. అందుకే ఇది కావాలని వేసిన ఎత్తు కాదని వాదించే చరిత్రకారులున్నారు. ఆకారం సంగతిలో వాళ్ల మాట నిజమే. కానీ మ్యాడిసన్ మిత్రులు ఆ రోజుల్లో రాసుకున్న ఉత్తరాలు చదివితే ఆయన్ని దెబ్బతీయడానికే ఇదంతా జరిగిందన్న అనుమానం వాళ్లలో ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. నివాసం షరతునూ సెనేట్ ఓటమినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అనుమానం ఒట్టిదని మేం అనుకోలేకపోతున్నాం. హద్దు చక్కగా ఉన్నంత మాత్రాన గీసినవాళ్ల ఉద్దేశం మంచిదని అనుకోనక్కర్లేదు.

మ్యాడిసన్‌కు ఓట్లు అడగడం ఇష్టముండేది కాదు. 1777లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసినప్పుడు, ఓటర్లకు మందు పోయించడం అప్పటి ఆనవాయితీ అయినా అది తప్పని పట్టుబట్టి పోయించలేదు, ఓడిపోయారు. గెలిచిన మనిషి పేరు చార్లెస్ పోర్టర్. మందు పారని ఎన్నికను ఊహించుకోలేని స్థితికి వచ్చిన మనం ఆ ఓటమిని గౌరవంగా తలుచుకోవాలి. 1788 చివర్లో న్యూయార్క్‌లో కూర్చుని ఉన్న మ్యాడిసన్‌కు మిత్రులు ఒకటే పోరు పెట్టారు, వెంటనే ఇంటికి రా, జనంలో తిరుగు, లేకపోతే సీటు పోతుందని. ఆయన వచ్చారు. వచ్చి చూస్తే జనంలో ప్రచారమంతా ఒకే మాట చుట్టూ తిరుగుతోంది: ఈయన రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా మార్చనివ్వడు.

ఆ ప్రచారం పూర్తిగా అబద్ధమేమీ కాదు. హక్కుల జాబితా రాసుకున్నంత మాత్రాన ఒరిగేది పెద్దగా లేదని, బలమైన మెజారిటీ తలుచుకుంటే కాగితం మీద రాతలు దాన్ని ఆపలేవని మ్యాడిసన్ 1788 అక్టోబరులోనే అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న తన మిత్రుడు థామస్ జెఫర్సన్‌కు రాసిన ఉత్తరంలో వాదించారు. ముందే సవరణలంటూ తలుపు తెరిస్తే హెన్రీ వర్గం మొత్తం రాజ్యాంగాన్నే తిరగదోడుతుందన్న భయం కూడా ఆయనకుంది.

ఈ పరిస్థితిలో ఆయన్ని నిలదీసింది బాప్టిస్టులు, అంటే ప్రభుత్వ చర్చిలో చేరని ఒక క్రైస్తవ శాఖ వాళ్లు. ఈ నియోజకవర్గంలో వాళ్ల ఓట్లు ఎటు పడితే ఫలితం అటు మొగ్గేంత మంది ఉన్నారు. వాళ్ల భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, ఒంటి మీద పడిన దెబ్బల్లోంచి వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య విప్లవానికి ముందు వర్జీనియాలో ప్రభుత్వ మతం ఇంగ్లండు చర్చిది. లైసెన్సు లేకుండా బోధ చేశారని బాప్టిస్టు బోధకులను పట్టుకుని జైల్లో పెట్టేవారు. కల్పెపర్ జైలు కిటికీ ఊచల వెనక నుంచి బోధ చేసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్ల తరఫున యువకుడిగా ఉన్నప్పుడే గొంతెత్తిన మనిషి మ్యాడిసన్. చర్చి కోసం అందరి మీదా పన్ను వేద్దామని 1784లో హెన్రీ ప్రతిపాదన తెస్తే దానికి ఎదురు నిలిచి ఓడించిందీ, జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టాన్ని 1786లో శాసనసభలో గట్టెక్కించిందీ ఆయనే. కాబట్టి ఆ ఓటర్లు మ్యాడిసన్‌ను ద్వేషించలేదు. మాకు చేసింది మర్చిపోలేదు, కానీ ఈ కొత్త రాజ్యాంగంలో మా మనస్సాక్షికి రక్షణ ఏ పేజీలో ఉందో చూపించు అన్నారు. చేసిన మేలుకు కృతజ్ఞత చూపిస్తూనే రేపటికి హామీ కావాలని అడగడం ఓటరు చేయదగిన అన్నిటికంటే పెద్ద పని.

మ్యాడిసన్ 1789 జనవరి 2న జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు బోధకుడికి ఉత్తరం రాశారు. రాజ్యాంగాన్ని సవరించాలన్నది ఇప్పుడు తన అభిప్రాయమని, మొదటి కాంగ్రెసే ఆ సవరణలు తయారు చేసి రాష్ట్రాలకు పంపాలని, ముఖ్యంగా మనస్సాక్షి స్వేచ్ఛ పూర్తి స్థాయిలో ఉండాలని, పత్రికా స్వేచ్ఛకూ జ్యూరీ విచారణకూ రక్షణ కావాలని, ఎవరి ఇల్లు పడితే వాళ్ల ఇల్లు సోదా చేసే వారంట్లు ఉండకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఇలాంటి ఉత్తరాలే పత్రికల్లోనూ అచ్చయ్యాయి. ఆ తర్వాత ఒక చర్చి సమావేశంలో మ్యాడిసన్ మీద మాటల దాడి జరిగితే ఈవ్ లేచి ఆయన తరఫున మాట్లాడారు.

మ్యాడిసన్, మన్రో స్నేహితులు. ప్రచారంలో కలిసి ప్రయాణించారు, ఒకే జనం ముందు పక్కపక్కన నిలబడి వాదించుకున్నారు. కల్పెపర్‌లో ఒక జర్మన్ చర్చిలో ప్రార్థన అయ్యాక జనాన్ని మంచులో నిలబెట్టి మరీ వాదన నడిపిన సంగతి మ్యాడిసన్ ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. ఆ రాత్రి గుర్రం మీద తిరిగొస్తుంటే చలికి ముక్కు దెబ్బతింది, ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఆ ఎన్నిక వల్ల వాళ్ల స్నేహానికి ఏ లోటూ రాలేదు. మ్యాడిసన్ అధ్యక్షుడయ్యాక మన్రోను విదేశాంగ మంత్రిగా తీసుకున్నారు, ఆయన తర్వాత అధ్యక్షుడైంది మన్రోనే.

పోలింగ్ రోజు ఓటు రహస్యం కాదు. కౌంటీ కోర్టు దగ్గర షెరీఫ్ ముందు నిలబడి అందరికీ వినబడేలా ఎవరికి వేస్తున్నాడో చెప్పాలి. ఆరెంజ్‌లో మ్యాడిసన్‌కు 216, మన్రోకు 9. ఆమ్‌హర్స్ట్‌లో తిరగబడింది, మన్రోకు 246, మ్యాడిసన్‌కు 145. గూచ్‌లాండ్‌ను మన్రో ఒక్క ఓటు తేడాతో గెలిచారు, 133-132. లెక్క తేలేసరికి చెరి నాలుగు కౌంటీలు. ఫలితాన్ని తేల్చిన వాటిలో కల్పెపర్ ముఖ్యం, అక్కడ మ్యాడిసన్‌కు 256, మన్రోకు 103. వ్యతిరేకం అని లెక్కేసిన కౌంటీలోనే 153 ఓట్ల ఆధిక్యం వచ్చింది, బాప్టిస్టులతో మాట్లాడకుండా అది వచ్చేది కాదు.

మొత్తం 2,280 ఓట్లు. ఇంత తక్కువ ఎందుకంటే భూమి ఉన్న తెల్లజాతి మగవాళ్లకే ఓటు. ఆడవాళ్లకు లేదు, భూమి లేని తెల్లవాళ్లకు లేదు, స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లకు కూడా లేదు. 1790 జనాభా లెక్కల్లో వర్జీనియా జనం సుమారు 7,47,000, అందులో దాదాపు 2,92,000 మంది బానిసలు. వాళ్లలో ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్కగట్టి రాష్ట్రానికి సీట్లు పెంచుకునే ఏర్పాటు ఆ రాజ్యాంగంలోనే ఉంది. మనస్సాక్షి స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన మ్యాడిసన్ పొలాల్లో పని చేసిందీ బానిసలే. ఈ అన్యాయాన్ని చెప్పకుండా ఆ ఎన్నికను మెచ్చుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఓటు లేని ఆ మనుషుల దగ్గరికి ఏ అభ్యర్థీ గుర్రమెక్కి వెళ్లలేదు, వాళ్లకు ఏ ఉత్తరమూ రాయలేదు, హక్కుల పత్రం వచ్చాక కూడా వాళ్ల బతుకులు మారలేదు.

గెలిచాక మ్యాడిసన్ మాట తప్పలేదు. 1789 జూన్ 8న సభలో సవరణలు ప్రవేశపెట్టారు. సొంత పక్షం వాళ్లే విసుక్కున్నారు, పన్నులూ కోర్టులూ ఏర్పాటు చేసుకోవాల్సిన సమయంలో ఇదేం పనని. ఆయన వదల్లేదు. సెప్టెంబరులో కాంగ్రెస్ 12 సవరణలను రాష్ట్రాలకు పంపింది. అందులో 10 ఆమోదం పొంది 1791 డిసెంబరు 15న అమల్లోకి వచ్చాయి, హక్కుల పత్రం అంటే ఆ పదే, ఆ రోజు చివరి ఆమోదం ఇచ్చింది వర్జీనియానే.

మా ఉద్దేశం ఇక్కడే ఉంది. హెన్రీ వర్గం వేసిన ఎత్తు సమర్థనీయం కాదు. కానీ దాని వల్ల అనుకోకుండా ఒక మంచి జరిగింది, గెలుపు ఖాయం కాని చోట నిలబడాల్సి వచ్చిన నాయకుడు జనం మాట వినాల్సి వచ్చింది, రాతపూర్వకంగా మాటివ్వాల్సి వచ్చింది. ఇవాళ అమెరికాలో జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది. కంప్యూటర్‌లో వీధి వీధికీ ఓట్ల లెక్క చూసుకుని, ఎవరి సీటు వాళ్లకు పదిలంగా ఉండేలా హద్దులు గీస్తున్నారు. జనాభా లెక్కలు కొత్తగా రాకపోయినా 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు తమకు సీట్లు పెరిగేలా మ్యాప్ మార్చారు, దానికి పోటీగా కాలిఫోర్నియా డెమొక్రాట్లు నవంబరులో ప్రజల ఓటు తీసుకుని తమ మ్యాప్ మార్చుకున్నారు. ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోనూ, శాన్ హోసే చుట్టుపక్కలా ఇళ్లు కొనుక్కుని పౌరసత్వం తీసుకున్న మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అట్లాంటి పదిలమైన సీటులో ఉన్న ప్రతినిధికి వాళ్ల వీసా బాధలూ బడి పన్నుల బాధలూ వినాల్సిన అవసరం ఏముంటుంది? పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో గెలిస్తే చాలు, నవంబరు ఎన్నిక లాంఛనం.

మన దేశంలో హద్దులు గీసేది శాసనసభలు కావు. 2002 చట్టం ప్రకారం సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి నాయకత్వంలోని కమిషన్ ఆ పని చేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కొత్త హద్దులతో 2009లో ఓటేశాం. ఇది చాలా మెరుగైన పద్ధతి, దీన్ని వదులుకోకూడదు. అయితే నియోజకవర్గాల పునర్విభజన మీద మన రెండు రాష్ట్రాల్లో నడుస్తున్న చర్చంతా ఆంధ్రప్రదేశ్ 25, తెలంగాణ 17 లోక్‌సభ సీట్లు పెరుగుతాయా, ఉత్తరాదితో పోలిస్తే మన వాటా తగ్గుతుందా అన్న చోటే ఆగిపోతోంది. ఆ భయానికి కారణం ఉంది, జనాభా అదుపులో పెట్టుకున్నందుకు శిక్ష పడకూడదని ఈ పత్రిక కూడా అడుగుతోంది. కానీ ఏ మండలం ఏ నియోజకవర్గంలోకి పోతోంది, ఎవరి ఓటు ఎక్కడ పలచబడుతోంది అన్నది అంతే ముఖ్యం. ఆ చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాను ప్రచురించి అభ్యంతరాలు అడగాలి, బహిరంగంగా విచారణ జరపాలి. ఆ విచారణలకు పార్టీల నాయకులు మ్యాప్‌లు పట్టుకుని వస్తారు, మామూలు జనం వెళ్లడం అరుదు. తర్వాతి ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని మండలాల వారీగా పాత హద్దులతో పక్కపక్కన పెట్టి ఈ పత్రికలో అచ్చు వేస్తాం, విచారణ ఎక్కడ, ఏ రోజు జరుగుతుందో కూడా ముందుగానే చెబుతాం. పాఠకులు మీ ఊరి లెక్క చూసుకుని, అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుని రండి.